ఉస్తాదు ముక్కు

పోయిన శుక్రవారం ఆదోనిలో ఉస్తాదు మట్టికి పోయి వచ్చాను. మధ్యాహ్నం నమాజు అయినాక ఎత్తారు. ఎండ మాడ్చేస్తోంది. జనం పెద్దగా లేరు. ఒకప్పుడు ఆయన మెకానిక్కు షెడ్డు ముందర రోడ్డుకు రెండు పక్కలా కార్లు నిలబడేవి. ఆ కార్ల వాళ్ళలో మట్టికి వచ్చింది నలుగురైదుగురం. నేను కూడా మూడు పిడికిళ్ళ మట్టి వేసి, చేతులు కడుక్కొని, కారెక్కి ఏసీ వేశాను. వేసిన వెంటనే గాలి వాసన చూశాను. అది ఆయన దగ్గర పట్టుకున్న అలవాటు. ఏ వాసనా లేదు, ఉత్త చల్లగాలి. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ మనిషి కోసం ఏడ్చే హక్కు నాకుందో లేదో తెలియక దాన్ని కూడా మధ్యలోనే మింగేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆదోనిలో ఆ పేరుతో ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ అవసరం పడలేదు, ఊరందరికీ ఉస్తాదే. పొట్టి మనిషి, బక్క మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, మొహానికి మించిన ముక్కు. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. వడ్రంగులు పెన్సిల్ పెట్టుకోరూ, అట్లా.

నాది ఎమ్మిగనూరులో విత్తనాలు, పురుగుమందుల అంగడి. పల్లెలు తిరగాల్సిన పని కాబట్టి పాత కారొకటి కొన్నాను. దాని పుణ్యమా అని ఆయన పరిచయమయ్యాడు. మా వ్యాపారం సంగతి కూడా ముందే చెప్పాలి. విత్తనం మొలవకపోతే నేల తప్పు, లేదంటే వాన తప్పు, ఆ రెండూ కాకపోతే రైతు తప్పు. అంగడిది తప్పని ఒప్పుకున్న విత్తనాల వ్యాపారిని నేనైతే చూడలేదు, అద్దంలో అసలే చూడలేదు.

కారు వస్తే మిగతా మెకానిక్కులు బానెట్ ఎత్తుతారు. ఈయన ఎత్తడు. ఓనరు పక్క సీట్లో కూర్చుని తలుపులు వేయించి, అద్దాలు ఎక్కించి, ఏసీ పూర్తిగా పెట్టమంటాడు. గాలి వచ్చే జాలీ దగ్గర ముక్కు పెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఆ కాసేపు మనం మాట్లాడితే చెయ్యెత్తి ఆపుతాడు. తర్వాత దిగి, ముందు చక్రం పక్కన సిమెంటు నేల మీద సుద్దముక్కతో ఒక్క ముక్క రాస్తాడు. ‘ఎలుక’ అనో, ‘నీళ్ళ గొట్టం’ అనో, ‘బెల్టు’ అనో, వంకరటింకర తెలుగులో. అంతా అయినాకే బానెట్.

విప్పి చూస్తే చాలాసార్లు రాసిందే ఉండేది. తప్పిన రోజు ఓనరు టీకి పోయుంటే టీ అంగడి నుంచి పిలిపించేవాడు. ఓనరు ముందర నేల మీది రాతకు అడ్డంగా గీత కొట్టి, “ఈడ నేను తప్పినానప్పా” అని అందరికీ వినబడేట్టు చెప్పేవాడు. అదేం సిగ్గుపడుతూ కాదు, టైము ఎంతయిందో చెప్పినంత మామూలుగా.

ఏమిటికి ఇదంతా అని ఒకసారి అడిగాను. తనకు పని నేర్పిన గుంతకల్లు ఉస్తాదు ఈ పద్ధతి పెట్టాడని చెప్పాడు. “బండి విప్పినాంక ప్రతోడూ నేను ముందే అనుకుంటి అంటాడు. రాసిపెట్టుకుంటే ఆ అబద్ధం ఆడేకి కాదు. గీత మాత్రం ఓనరు ముందరే కొట్టల్ల. ఆయన లేనప్పుడు కొడితే అది తుడుసుకునేదే గానీ ఒప్పుకునేది కాదు.”

ఏసీ చల్లగా లేదని పోతే గ్యాసు నింపి పంపే రకం కాదు. గ్యాసేమన్నా అన్నమా తింటే అయిపోయేదానికి, కారితేనే పోతుంది, ఎక్కడ కారుతోందో చూడకుండా నింపేవాడు మెకానిక్కు కాదు అనేవాడు. ఆదోని కార్లకు సగం జబ్బు దూది. జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరిన దూది పోయి కారు ముందర జాలీ వెనక దుప్పటి కప్పినట్టు పట్టుకుంటుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో, సన్నటి నీటిధారతో ఆయన కడుగుతుంటే చంటిపిల్లకు తలంటుతున్నట్టుండేది. కడిగేసి, పో అనేవాడు. ఊరంతా చల్లబడిపోయినంత గర్వం మొహంలో.

నాకు ఆయన మీద భయం పుట్టింది మాత్రం మా పాప వల్ల. పాపను కంటి డాక్టరుకు చూపించడానికి ఆదోని తీసుకుపోతూ, దారిలో సర్వీసుకని ఆగాను. ఆయన కారులో కూర్చుని కళ్ళు మూసీ మూయకముందే తెరిచాడు. దిగి నేల మీద ‘మందు’ అని రాశాడు. నా కారులో మందు డబ్బాలు డిక్కీలో ఉంటాయి, మూతలు గట్టివి, కారే ప్రసక్తే లేదని నేను వాదించాను. వెనక సీటు ఎత్తి పరుపు లాగితే కింద జిడ్డుగా పసుపుపచ్చటి మరక. ఎన్నాళ్ళ నుంచో కారుతోంది. పాప రోజూ కూర్చునేది సరిగ్గా దాని మీదే.

నన్ను ఒక్క మాట అనలేదు. పాపకు నీడలో స్టూలు వేశాడు. నాతో మాత్రం ఇట్లన్నాడు: “మనిసి ముక్కు మొదటి దినం అరుస్తాది. రెండో దినం గొణుగుతాది. మూడో దినం ఊకుంటాది. నీది ఊకైపోయిందప్పా. అందుకే పరాయి ముక్కు కావల్ల.”

అప్పటినుంచి ఎమ్మిగనూరులో ఎవరి కారులో ఏ వాసన వచ్చినా ఆదోనికి పొమ్మని చెప్పేవాణ్ణి. ఉస్తాదు ముక్కు అని ఊరూరా చాటింపు వేసింది నేనే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకు గట్టిగా తగిలింది. ఆస్పత్రిలో పడి లేచాడు. షెడ్డు తెరిచాడు. మనిషి ఇంకా బక్కపడ్డాడు తప్ప అంతా మునుపట్లాగే అనుకున్నాం. ఆ ఏడు చలికాలంలో నా కారు ఏసీ లోపల ఎలుకొకటి చచ్చింది. కంపుకు కారులో కూర్చోలేక అద్దాలు దించుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని ఆదోని చేరాను. ఆయన ఎప్పటిలాగే ఎక్కి కూర్చున్నాడు. అద్దాలు ఎక్కించమన్నాడు. నేను రుమాలు ఇంకా గట్టిగా బిగించుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, జాలీ దగ్గర ఆ పెద్ద ముక్కు పెట్టి, తాపీగా ఊపిరి పీల్చాడు. దిగి నేల మీద ‘దుమ్ము’ అని రాశాడు.

నేను ఆ రాత వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన నా రుమాలు వైపు చూశాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. సుద్దముక్క తీసి ‘దుమ్ము’కు అడ్డంగా గీత కొట్టాడు గానీ, ఆ రోజు తప్పినానని చెప్పలేదు.

“నాకి వాసన రాదప్పా,” అన్నాడు. “జొరం పోయినప్పుడే పోయింది. పాలు మాడినా తెలీదు, అత్తరు పూసుకున్నా తెలీదు. ఎవురికీ సెప్పొద్దు.”

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు అందులో తప్పేమీ కనబడలేదు. సరుకు పాడయిందని అంగడి ముందర బోర్డు పెట్టుకునేవాళ్ళుంటారా? పైగా ఆయన ఉపాయం కూడా కనిపెట్టుకున్నాడు. ఓనర్లనే మెల్లగా అడుగుతాడు, వాసన ఎట్లుంది, పుల్లగానా, తియ్యగానా, కమురుగానా అని. వాళ్ళు చెప్పిన దాన్ని బట్టి, మొహాలు ముడుచుకున్న తీరును బట్టి రాస్తాడు. పని సాగిపోతోంది. నేను కూడా రెండేళ్ళలో ఆ సంగతి మరిచిపోయాను. మరిచిపోయానని ఇప్పుడు అంటున్నాను గానీ, పట్టించుకోలేదంటేనే సరిగ్గా ఉంటుంది.

గోనెగండ్లలో ఒకతను బాడుగ కారు నడిపేవాడు. సొంత కారే. రెండెకరాలుండేవి, విత్తనాలకు నా అంగడికే వచ్చేవాడు. ఒక వేసవిలో వచ్చి, ఏసీ వేస్తే ఏదో వాసన వస్తోందని, కారు నిలబడి ఉన్నప్పుడే ఎక్కువని, బాడుగవాళ్ళు తలకాయ తిరుగుతోందని గొణుగుతున్నారని చెప్పాడు. తనకైతే పెద్దగా తెలియడం లేదన్నాడు. నేను గల్లాపెట్టె దగ్గరి నుంచి లేవకుండానే, ఆదోనిలో ఉస్తాదు దగ్గరికి పో, ఆ ముక్కుకు తెలియని వాసన లేదు అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు నాకు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. అతను మెట్లు దిగుతుండగానే వచ్చింది. వెనక్కి పిలవచ్చు. ఇంకో గిరాకీ ఏదో అడిగాడు, అటు తిరిగాను.

ఉస్తాదు అతన్ని అడిగాడట, వాసన ఎట్లుందని. అతని ముక్కు ఎప్పుడో ఊరుకుంది. ముక్కిపోయిన వాసనలాగా ఉందన్నాడు. ఉస్తాదు ‘కాయిలు మురికి’ అని రాశాడు. విప్పితే, గాలిని చల్లబరిచే ఆ కాయిలుకు నిజంగానే మురికి ఉంది. ఏ కారు కాయిలుకు ఉండదు? శుభ్రంగా కడిగి, పాత ఫిల్టరు తీసి కొత్తది వేసి పంపాడు. అతను సంతోషంతో నాకు ఫోను చేసి, ఐసు లెక్క గాలి వస్తోందని, మీ ఉస్తాదు చెయ్యి మంచిదని చెప్పాడు. నేను పొంగిపోయాను.

శ్రావణమాసంలో అతను జనాన్ని ఎక్కించుకుని ఉరుకుంద పోయాడు. ఈరన్నస్వామి దర్శనానికి క్యూ పొడుగు, వాళ్ళంతా లోపలికి పోయారు. ఇతను బస్సులు నిలబెట్టే చేను పక్కన కారు పెట్టి, ఇంజను ఆపకుండా, అద్దాలెక్కించి ఏసీ వేసుకుని, సీటు వాల్చుకుని పడుకున్నాడు. ఆ వేళకు గాలి కూడా లేదు, ఉక్కపోత. దర్శనం చేసుకుని ప్రసాదంతో వచ్చినవాళ్ళు అద్దం తట్టారు. చాలాసేపు తట్టారు. రాయితో అద్దం పగలగొట్టి తీసేసరికి మనిషిలో ప్రాణం లేదు. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.

గుండెపోటన్నారు. నలభై దాటని మనిషి అయినా, ఈ కాలంలో ఎవరికొస్తుందో చెప్పలేం కదా అన్నారు. స్వామి సన్నిధిలో పోయాడు, పుణ్యాత్ముడన్నారు. నేనూ పోయి, అవే మాటలు చెప్పి వచ్చాను.

నెల దాటాక ఆ కారును తాను తిప్పుదామని అతని తమ్ముడు ఉస్తాదు దగ్గర సర్వీసుకు వదిలిపోయాడు. రాత్రంతా షెడ్డులో ఉండి చల్లారిన ఇంజను పొద్దున స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చిందట. మొదటిసారి కారు గోనెగండ్ల నుంచి వేడిగా వచ్చింది, వేడి మీద ఆ చప్పుడు అణిగిపోతుంది కాబట్టి అప్పుడు వినబడలేదు. ఉస్తాదు బానెట్ ఎత్తి, లైటు పెట్టి చూశాడు. ఇంజనుకు పొగగొట్టం అతికే చోట ప్యాకింగు కాలిపోయి, చుట్టూ నల్లగా మసి. సరిగ్గా దాని పైనే ఏసీ బయటి గాలిని పీల్చుకునే దారి. ముక్కున్న మనిషి కారులో ఒక్క నిమిషం కూర్చుంటే తెలిసిపోయే జబ్బు. పాత ఫిల్టరు మూసుకుపోయి ఉన్నన్నాళ్ళూ గాలి తక్కువ, పొగ తక్కువ. ఉస్తాదు కడిగి కొత్తది వేశాక రెండూ ధారాళంగా వచ్చాయి.

నాకు ఫోను చేసి రమ్మన్నాడు. పోయేసరికి ఆ కారు ముందు చక్రం పక్కన కూర్చుని ఉన్నాడు. నేల మీద ‘కాయిలు మురికి’ అని మళ్ళీ రాసుకున్నాడు. దాని కింద ‘పొగ’ అని రాశాడు. గీత ఇంకా కొట్టలేదు.

విషయమంతా విన్నాను. అయినా నోరు వ్యాపారిదే. గుండెపోటని ఊరంతా నమ్మింది, దినాలు కూడా అయిపోయాయి, ప్యాకింగు మార్చి నోరు మూసుకో, చెప్తే మనిషి లేచి వస్తాడా అన్నాను. ఇంకా చాలా అన్నాను. షెడ్డు మూతపడుతుందన్నాను, కొడతారన్నాను. ఆయన అంతా విన్నాడు.

“రాడప్పా,” అన్నాడు. “ఓనరు పోయినాడు గానీ ఓనరు పెండ్లాముంది. గీత ఆయమ్మ ముందర కొట్టల్ల. నీ బండ్లో దిగబెడతావా, బస్సుకు పోదునా?”

అద్దాలు దించుకుని గోనెగండ్ల దాకా పోయాం. ఆ ఇంటి ముందర అరుగు మీద ఆమె, మరిది, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు. ఉస్తాదు అరుగు ఎక్కలేదు, కింద బండల మీదే కూర్చున్నాడు. చెవి మీది సుద్దముక్క తీసి, గీయకుండానే జేబులో పెట్టుకున్నాడు.

“మీ ఆయనకి గుండెపోటు కాదు తల్లీ. బండ్లోకి పొగ వచ్చింది. ఆయన నాకి సూపిచ్చినాడు, నేను కనుక్కోలేకపోతిని. నాకి వాసన రాదు. వస్తాదని నమ్మి వచ్చినాడు. తప్పు నాది.”

మరిది లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టాడు కూడా. ఉస్తాదు చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆమె వద్దని వారించి, ఒక్కటే అడిగింది, నొప్పి తెలిసి పోయినాడా అని. నిద్రలోనే పోయినాడు, తెలిసి ఉండదు అన్నాడు ఉస్తాదు. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

“నువ్వే గదన్నా ఈయప్ప దగ్గరికి పంపించింది. ఈయప్పకి వాసన రాదని నీకి తెలుసునా?”

ఆ ప్రశ్నకు జవాబు నా గొంతులోనే ఉంది. మూడక్షరాలు. నేను ఉస్తాదు వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు.

“లేదమ్మా,” అన్నాడు. “నేను ఎవురికీ సెప్పలేదు.”

ఆమె తలాడించింది. నేను నిలబడే ఉన్నాను.

ఆ తర్వాత ఆయన షెడ్డు నేను చెప్పినట్టే మూతపడింది. వాళ్ళెవరూ మూయించలేదు, కేసు పెట్టలేదు. ఈయనే ప్రతి గిరాకీకి ముందుగా చెప్పేవాడు, నాకు వాసన రాదు, ఆ పని నా దగ్గర కాదు అని. గోనెగండ్ల సంగతి కూడా అడక్కుండానే చెప్పేవాడు. చెప్పేవాణ్ణి నమ్మే కాలం కాదిది. పక్కనే మిషను పెట్టి చూసేవాళ్ళు వచ్చారు. వాళ్ళ మిషనుకూ వాసన రాదు, కానీ అది ఆ సంగతి బయటికి చెప్పుకోదు. ఏడాది తిరిగేసరికి షెడ్డులో ఆయనా, ఒక స్టూలూ మిగిలాయి. నేను మాత్రం ఆయిలు మార్పించే వంకతో పోతూండేవాణ్ణి. అవసరం లేకపోయినా మార్పించేవాణ్ణి. ఆయనకు అది తెలుసు. అయినా నేల మీద ‘ఆయిలు’ అని రాసి, మార్చి పంపేవాడు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నా కోసం ఎందుకు అబద్ధం చెప్పావని. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాడు.

“అబద్ధమేముంది? నాది నేను కొట్టుకుంటిని. నీ గీత నేనెట్ల కొడతానప్పా?”

పోయిన వారం ఆయన స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. ఆయనది నిజంగా గుండెపోటే. మట్టి నుంచి తిరిగి వస్తూ ఎమ్మిగనూరులో ఆగకుండా నేరుగా గోనెగండ్ల పోయి, ఆమె ముందర నా గీత నేను కొట్టుకుందామనుకున్నాను. ఊరి మొదట్లో మా ఇంటి సందు రాగానే చేతులు వాటంతట అవే స్టీరింగు తిప్పాయి. స్నానం చేసి, అంగడికి పోయి కూర్చున్నాను.

ఈ సోమవారం ఆ గోనెగండ్ల ఆమే అంగడికి వచ్చింది. ఆ రెండెకరాలు ఇప్పుడు ఆమే చేస్తోంది, వాన పడింది కదా, పత్తి విత్తనాలకు వచ్చింది. ఉస్తాదు పోయాడని ఎవరో చెప్పారట.

“పాపం పోయినాడంట గదన్నా,” అంది. “ఎంత కోపమున్నా ఒకటి మాత్రం అంటా. ఆయప్ప వచ్చి సెప్పకపోతే నాకి జల్మకి తెల్సేది కాదు.”

ఔనమ్మా అన్నాను. చెప్పాల్సిందంతా ఆ ఔను వెనకే ఉంది. బయట ఇంకో ఇద్దరు రైతులు నిలబడి ఉన్నారు. ఆమె ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది, చదవడం రాదు.

“ఇది మొలుస్తాదా అన్నా? నీకి తెలుసునా?”

మొలుస్తుందమ్మా, నాకు తెలుసు అన్నాను. ఆమె ఇంకో మాట అడగకుండా ప్యాకెట్లు సంచిలో వేసుకుని బస్టాండు వైపు నడిచింది.